మా గోడ మీది ఎర్ర గీత గారికి

మహారాజశ్రీ ఎర్ర గీత గారికి,

ఉభయకుశలోపరి. నిన్న సాయంత్రం అయిదుకు పది నిమిషాలు తక్కువున్నప్పుడు తమరు మా వెనక వసారా గోడ మీదికి వేంచేశారు. పొద్దున పదింటి నుంచి ఎదురుచూసినవాణ్ణి కాబట్టి టైము బాగా గుర్తుంది. "వరద సర్వేకి వస్తున్నారు, ఇంటి యజమాని ఉండాల" అని కబురొస్తే సెలవు పెట్టుకొని కూర్చున్నా. గేటు చప్పుడు వినపడదేమోనని మధ్యాహ్నం కునుకు కూడా తీయలేదు. తీరా వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు బట్టలుతికే బండ మీద కొలత కర్ర నిలబెట్టి, మూడు కాళ్ళ స్టాండు మీది అద్దంలోంచి ఒకసారి చూసి, పెయింటు డబ్బా తెరిచి తమర్ని గీసి, నా ఆధార్ జిరాక్సు తీసుకొని వెళ్ళిపోయారు. మొత్తం ఏడు నిమిషాలు. (బుక్కరాయసముద్రం ముసలమ్మ కథ వింటూ పెరిగినవాళ్ళం. ఆ కాలంలో వరద మనిషిని అడిగిందంట. ఇప్పుడు జిరాక్సుతో సరిపెట్టుకుంటోంది, అంతవరకు నయం.)

తమరి భావమేమిటని అడిగా. "వంకకు నూరేళ్ళ వరదొస్తే నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయన్నా" అన్నాడు పెయింటు అబ్బాయి. బయటి నేల నుంచి రెండడుగుల ఆరంగుళాలు. చాలా సంతోషం. కానీ తమరికి సరిగ్గా ఎనిమిదంగుళాల పైన అదే గోడ మీద ఇంకో గీత ఉంది. మట్టి రంగు, కొంచెం వంకర. దాన్ని ఎవరూ గీయలేదు. 2022 అక్టోబరులో మా అనంతపురంలో నడిమి వంక పొంగిన రాత్రి, అందులో కలవాల్సిన మా పిల్ల వంక చోటు దొరక్క వెనక్కి మళ్ళి మా ఇంట్లోకి వచ్చింది. తెల్లారేదాకా ఉండి, పోతూ పోతూ పెట్టిన సంతకం అది.

"మరి ఇదేంది నాయనా?" అని చూపించా. వంగి చూశాడు. గోరుతో గీకి కూడా చూశాడు. "అది అబ్నార్మల్ అన్నా, మోడల్‌లోకి రాదు" అన్నాడు.

రాత్రంతా నిద్ర పట్టలేదు. మోడల్‌లోకి రాని నీళ్ళు మా బియ్యం డ్రమ్ములోకి ఎట్లా వచ్చాయి?

వాళ్ళ చేతిలోని మ్యాపులోకి తొంగి చూశా కాబట్టి తమరి పుట్టుక రహస్యం నాకు తెలుసు. అందులో ఉన్నది పాత ఎఫ్ఎంబీ (సర్వేవాళ్ళ కొలతల పుస్తకం) లెక్కే. దాని ప్రకారం మా ఇంటెనక వంక వెడల్పు 60 అడుగులు. నేను టేపు పట్టి కొలిస్తే 18. మిగతా 42 అడుగుల్లో మూడు రేకుల షెడ్లు, ఒక బర్రెల కొట్టం, సగం సిమెంటు రోడ్డు, దాచడమెందుకు, మా స్నానాల గది కూడా ఉన్నాయి. (మా నాయన కట్టించింది. నన్నడిగి కట్టలేదు.) ఉన్న 18 అడుగుల్లోనూ కంప చెట్లు, కవర్లు, తాగి పారేసిన టెంకాయ బోండాలు. నీళ్ళకు వెడల్పు దొరక్కపోతే ఎత్తు వెతుక్కుంటాయి. మడవ కట్టడం తెలిసిన ఏ రైతునడిగినా ఈ మాట చెప్తాడు. కాబట్టి తమరు తప్పుడు గీత అని నేననను. చాలా కచ్చితమైన గీతే, కాకపోతే ఇప్పుడు లేని వంకకు.

ఇక ఆ నూరేళ్ళ వరద. అది నూరేళ్ళకొకసారి క్యాలెండరు చూసుకొని వచ్చేది కాదు, ఏ ఏడైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి ఉన్నది. 20 ఏళ్ళ ఇంటి లోను తీరేలోపల ఒక్కసారైనా వచ్చే అవకాశం నూటికి 18. మా పక్కింటాయన మాత్రం "2022లో వచ్చిపోయింది కదా, ఇంక 2122 దాకా భయం లేదు" అని కింద ఒక రూము కట్టి బాడుగకిచ్చాడు. పైన చెరువు నిండి మరవ (అలుగు) పారితే వచ్చే నీళ్ళు మీ లెక్కలో ఉన్నాయా అని అడగబోయేలోపు మీవాళ్ళు బండి స్టార్ట్ చేశారు.

పూడిక తీసి గట్టు మీదే పోసి, తొలి వానకు మళ్ళా వంకలోకే జారనిచ్చే జేసీబీ గారికి వేరే లేఖ రాస్తా. నీళ్ళు దిగాక వచ్చే హెచ్చరిక మెసేజీకి కూడా.

అబ్నార్మల్ అంట! కడపలో 2020 నవంబరున బుగ్గవంక ఇళ్ళలోకి వచ్చింది, 2009 అక్టోబరున కర్నూలు ఊరే మునిగింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా మాది. మాకు నార్మల్‌గా వచ్చేది కరువొక్కటే.

చూడు, ఇంక మర్యాద చాలు. మా ఇంటి నేల బయటికంటే అడుగున్నర ఎత్తు. నీళ్ళు నీ దగ్గర ఆగుంటే ఆ రాత్రి మా అమ్మ తన మంచం మీద పొడిగా పడుకునేది. ఎనిమిదంగుళాలు పైకి వచ్చాయి కాబట్టి పరుపు తడిసింది, ఆమెను తెల్లవార్లూ డైనింగ్ టేబుల్ మీద కూర్చోబెట్టాం. చీకట్లో చెప్పులు తేలుతూ వచ్చి కాళ్ళకు తగిలితే పామనుకొని అరిచింది. దాన్ని నువ్వు లెక్కలోకి రాదంటావా? ఎవడ్రా నిన్ను గీసింది?

పండక్కి సున్నం కొట్టే మేస్త్రీ పొద్దున వచ్చి చూసిపోయాడు. మట్టి మరక రెండు కోట్లకు కనపడకుండా పోతుందంట. నువ్వేమో ఎనామిల్‌వి, మూడు కోట్లేసినా లోపల్నుంచి తొంగి చూస్తావంట.

అందుకే మేకు, సుత్తి తీసుకొని మట్టి గీత పొడుగూతా గోడను చెక్కేశా. ప్లాస్టరు పెచ్చులు రాలాయి, మా ఆవిడ తిట్టింది. ఈసారి మీవాళ్ళకు గోరుతో గీకే పని లేదు, చెయ్యి పెట్టి తడిమితే చాలు.

ఇట్లు,
మట్టి గీత తరఫున,
ఇంటి యజమాని