పెరటి మడిలో ఏ మొక్క పక్కన ఏది?

వానలు తగ్గి, చలికాలం కూరగాయలు నాటుకునే రోజులు వచ్చాయంటే చాలు, మిద్దెతోటల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పట్టిక తిరగడం మొదలవుతుంది. టమాటా పక్కన తులసి పెట్టండి, క్యారట్ పక్కన ఉల్లి వేయండి, చిక్కుడు దగ్గర వెల్లుల్లి వద్దు, అన్నిటి చుట్టూ బంతి నాటండి. స్నేహితులు ఒక వరుసలో, శత్రువులు ఇంకో వరుసలో. కొత్తగా తోట మొదలుపెట్టినవాళ్లు దాన్ని నమ్మి, ఆ ప్రకారమే కుండీలు సర్దుకుంటారు. తీరా కాయ పట్టే సమయానికి టమాటాకి పురుగు పడితే, తమకే చేతకాలేదనుకుని తోట మానేస్తారు.

వాళ్ల చేతిలో లోపమేమీ లేదు. ఆ పట్టికల్లో చాలా భాగం అమెరికా, యూరప్ చలిదేశాల తోటల నుంచి వచ్చినవి. అక్కడైనా వాటిలోని ప్రతి జంటనూ పరీక్షించి రాయలేదు. కూరగాయలు కలిపి పెంచడం వల్ల లాభం ఉంది, అందులో అనుమానం అక్కర్లేదు. అయితే ఆ లాభం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. మొక్క ఎంత ఎత్తు పెరుగుతుంది, వేరు ఎంత లోతుకు దిగుతుంది, ఎన్ని రోజుల్లో చేతికొస్తుంది, ఎప్పుడు నాటాం, ఎన్ని నాటాం - ఈ లెక్కలు కుదిరితేనే పక్కపక్క మొక్కలు ఒకదానికొకటి పనికొస్తాయి.

బంతి సంగతి చూడండి. బంతికి పేరు ఊరికే రాలేదు. దాని వేర్ల నుంచి ఆల్ఫా టెర్థినైల్ అనే పదార్థం వస్తుంది, అది వేళ్లకు బుడిపెలు తెప్పించే నులిపురుగులను చంపుతుంది. కానీ అలా పనిచేయాలంటే మడి నిండా ఒత్తుగా బంతి వేసి, కనీసం రెండు నెలలు పెంచి, తర్వాత అదే మట్టిలో కూరగాయ నాటాలి. టమాటా మధ్యలో రెండు బంతి మొక్కలు పెడితే నులిపురుగులు తగ్గవు. ఇక పక్క కుండీలో ఉన్న బంతి వేరు ఈ కుండీలోకి ఎలాగూ రాదు.

బంతికి ఇంకో పని ఉంది, ఎర పంటగా. కాయ తొలిచే శనగపచ్చ పురుగు తల్లి రెక్కల పురుగుకి బంతి మొగ్గలన్నా పూలన్నా ఇష్టం, అక్కడ గుడ్లు పెడుతుంది. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ దీన్ని పొలంలో పరీక్షించి ఒక పద్ధతి చెప్పింది. పదహారు వరుసల టమాటాకి ఒక వరుస పొడుగు రకం బంతి. 40 రోజుల బంతి నారునూ 25 రోజుల టమాటా నారునూ ఒకే రోజు నాటాలి. ఆ పదిహేను రోజుల తేడాలోనే పద్ధతి ప్రాణం ఉంది. టమాటా పూతకొచ్చే సమయానికి బంతి కూడా పూయాలి, అప్పుడే పురుగు అటు వెళ్తుంది. సంక్రాంతికి నర్సరీ నుంచి పూలతో ఉన్న బంతి తెచ్చి, అప్పటికే కాయలతో ఉన్న టమాటా పక్కన పెడితే ముంగిలికి అందం వస్తుంది, పంటకి రక్షణ రాదు.

క్యాబేజీకి ఆవాలు కూడా ఇలాగే. అదే సంస్థ చెప్పినదాని ప్రకారం ప్రతి 25 వరుసల క్యాబేజీకి ఆవాలు వేయాలి, అవి కూడా రెండు దఫాలుగా. మొదటి సాలు క్యాబేజీ నాటడానికి 15 రోజుల ముందు, రెండోది నాటిన 25 రోజులకి. మొదటి ఆవాలు ముదిరిపోయే వేళకి రెండోవి లేతగా అందివస్తాయన్నమాట. ఎర పంటలో ఇంకో షరతు కూడా ఉంది, పట్టికలు దాన్ని చెప్పవు. ఎర మీద చేరిన పురుగుని అక్కడే చంపాలి. ఎరగా వేసిన ఆముదం ఆకు మీద లద్దెపురుగు గుడ్ల సముదాయం కనిపిస్తే ఆ ఆకు తుంచి నలిపేయాలి. వదిలేస్తే మనమే పురుగుల్ని సాకి పక్క మడికి పంపినట్టు. మిద్దె మీద ఆరు టమాటా మొక్కలున్నచోట ఈ పదహారు వరుసల లెక్క ఎలాగూ కుదరదు. అక్కడ రోజూ ఆకు తిప్పి చూసే కన్ను, ఏరేసే చేయి ఎరకన్నా ఎక్కువ పనిచేస్తాయి. పెద్ద రైతుకి లేని వెసులుబాటు ఇది.

మరి వాసనతో పురుగు పారిపోతుందన్న మాట? ఇంగ్లండ్‌లోని వెల్స్‌బోర్న్ ఉద్యాన పరిశోధన కేంద్రంలో స్టాన్ ఫించ్, రోజ్‌మేరీ కోలియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2000లో దీనికి వేరే వివరణ ఇచ్చారు. వాళ్లు గమనించింది క్యాబేజీ వేరు తినే ఈగని, అది మన దగ్గర లేదు, కానీ సూత్రం ఆలోచించదగ్గది. ఈగ వాసన పట్టుకుని తోట దాకా వస్తుంది. దగ్గరికొచ్చాక పచ్చగా కనిపించిన దేనిమీదైనా వాలుతుంది. వాలిన ఆకు తనకు కావలసిన మొక్కదేనని పలుమార్లు తేల్చుకున్నాకే గుడ్లు పెడుతుంది. మధ్యలో వేరే ఆకు మీద వాలిందా, మళ్లీ మొదటికొస్తుంది. క్యాబేజీ చుట్టూ ఆకుపచ్చ కాగితంతో చేసిన ఆకారాలు నిలబెట్టినా గుడ్లు తగ్గాయి! కాగితానికి వాసనేముంది? మొక్క చుట్టూ ఉత్త మట్టి కనిపించడమే పురుగుకి దారి చూపిస్తోందన్నమాట. ఆ లెక్కన క్యాబేజీ మధ్య ఖాళీలో మెంతికూరో కొత్తిమీరో చల్లడం, ఖరీదైన విదేశీ తులసి (బాసిల్) కుండీ కొని పక్కన పెట్టడంకన్నా మేలు. పైగా కూర కూడా చేతికొస్తుంది.

ఈ అమరిక జ్ఞానం కోసం మనం సముద్రం దాటి వెళ్లక్కర్లేదు. కందిలో జొన్న మన మెట్ట రైతుల పాత అలవాటు. మొదట్లో కంది నెమ్మదిగా పెరుగుతుంది, ఆలోగా జొన్న ఎదిగి కోతకొచ్చి తప్పుకుంటుంది. తర్వాత వెలుతురంతా కందిదే. జొన్న వేరు పైపైన, కంది వేరు లోతున. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఈ జంటను ఏళ్ల తరబడి పరిశీలించారు. జొన్నతో కలిపి వేసినచోట కందికి ఎండుతెగులు తక్కువగా వస్తోందని కూడా చూశారు. నిజామాబాద్ పసుపు చేలో మొక్కజొన్న, అనంతపురం వేరుశనగలో కంది, అలసంద సాళ్లు, కోనసీమ కొబ్బరి కింద కోకో, అరటి, కంద - అన్నిటిలోనూ ఉన్నది ఇదే లెక్క. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు నీటి వసతి లేని ఎర్రనేలల్లో ఒకే చేలో ఇరవై రకాల దాకా పంటలు కలిపి తీస్తున్నారు. 2019లో ఆ సంస్థకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. ఆ మహిళల దగ్గర స్నేహితులు, శత్రువుల పట్టిక లేదు. ఏది ముందు కోతకొస్తుందో, ఏది వానకి ఆగుతుందో, ఏది పశువుకి మేతవుతుందో తెలుసు.

ఇక్కడ చిక్కుడు జాతి గురించి కూడా ఒక మాట. అలసంద, గోరుచిక్కుడు పక్క మొక్కకి నత్రజని పంచుతాయని అందరూ అంటారు. వాటి వేరు బుడిపెల్లోని రైజోబియం అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టుకునే మాట నిజమే. కానీ మొక్క బతికున్నంతకాలం అందులో ఎక్కువ భాగం తనకోసమే వాడుకుంటుంది. పక్కవాటికి దక్కేది అది చచ్చి కుళ్లిన తర్వాత, అంటే వచ్చే పంటకి. అందుకే కాపు అయిపోయిన అలసందని వేర్లతో పీకి పారేయొద్దు. మొదలు దగ్గర కోసి, వేరు మట్టిలోనే ఉంచాలి, తీగని అక్కడే పరచాలి. అలసందతో అప్పటికప్పుడు కలిగే మేలు వేరే ఉంది. దాని మీద పేనుబంక వస్తుంది, దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. పేనుబంక కనిపించగానే మందు కొట్టేస్తే అవి తోటలోకి రానే రావు.

ఇక తక్కువ చోటులో ఎక్కువ పండించడం సంగతి. ఇరవై చదరపు అడుగుల్లో ఇంటికంతా కూరగాయలు అనే వీడియోలు చూస్తే నాకు కోపం వస్తుంది, ఎందుకంటే వాటిలో ఎరువు లెక్క కనిపించదు. ఒత్తు సాగుకి పేరుపడ్డది 19వ శతాబ్దపు పారిస్. అక్కడి సాగుదార్లు ఒకే మడిలో ఏడాదికి పంట మీద పంట తీశారు. ఆ నగరంలో బళ్లు లాగే గుర్రాల లద్దె కుప్పలు కుప్పలుగా దొరికేది, దాని మీదే ఆ సాగంతా నిలబడింది. మోటారు బళ్లు వచ్చి గుర్రాలు పోయాక ఎరువూ పోయింది. 1967 నుంచి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంతాక్రూజ్ ప్రాంగణంలో అలన్ చాడ్విక్ ఆ పద్ధతికి మళ్లీ ప్రాణం పోశారు. ఆయన కూడా లోతుగా తవ్వడం, కంపోస్టు దండిగా వేయడం, వీటి మీదే ఆధారపడ్డారు.

మన లెక్కకొద్దాం. కూరగాయలకు ఎకరాకి పది టన్నుల దాకా పశువుల ఎరువు వేయమంటారు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. వంద చదరపు అడుగుల మడికి 23 కిలోలు పడుతుంది, అదీ మామూలు ఎడంతో వేసే ఒక్క పంటకి. అదే మడిలో ఏడాదికి మూడు పంటలు ఒత్తుగా తీయాలంటే 70 కిలోలకి తగ్గకూడదు. వంటింటి చెత్తతో చేసిన కంపోస్టు నలుగురున్న ఇంట్లో దీనికి సరిపోతుందా లేదా అన్నది మొక్కలు కొనకముందే చూసుకోవాల్సిన విషయం. సరిపోకపోతే మడి చిన్నది చేసుకోండి. ఆకలితో ఉన్న పాతిక మొక్కలకన్నా కడుపు నిండిన పది మొక్కలు ఎక్కువ కాస్తాయి.

ఎడం విషయంలో మన వాతావరణం ఇంకా కఠినం. అడుగు గడుల్లో కూరగాయలు పెంచే పద్ధతిని అమెరికాలో మెల్ బార్తలోమ్యూ 1981లో పుస్తకంగా తెచ్చారు. గడికి ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు మొక్కలు. ముల్లంగి, క్యారట్‌లకి అది మనకూ బాగానే కుదురుతుంది. వంకాయకి, బెండకి కుదరదు. ఇక్కడ వంగ ఐదారు నెలలు నిలిచి గుబురు కడుతుంది, ముసురు రోజుల్లో గాలి ఆడకపోతే ఆకుమచ్చ, కాయకుళ్లు తప్పవు. మన వ్యవసాయ సిఫార్సులు ఈ తేడాని ఎప్పుడో పట్టుకున్నాయి. బెండకి వానాకాలంలో 60 సెంటీమీటర్ల సాళ్లు, మొక్కల మధ్య 30. వేసవిలో 45 సెంటీమీటర్ల సాళ్లు, మొక్కల మధ్య 15 నుంచి 20. మొక్క తక్కువ పెరిగే కాలంలో దగ్గరగా, ఎక్కువ పెరిగే కాలంలో దూరంగా. ఏ కాలంలోనైనా ఒకటే అంకె చెప్పే పద్ధతిని మన దగ్గర నమ్మకూడదు.

మిద్దె మీద మడులు కట్టేవాళ్లు బరువు కూడా చూసుకోవాలి. తడిసిన మట్టి ఘనపు మీటరుకి 1,600 నుంచి 1,800 కిలోలు తూగుతుంది. అడుగు లోతు మడి అంటే చదరపు మీటరుకి 500 కిలోలు. మనుషులు తిరిగే మిద్దె కప్పుకి, కట్టడాల మీద పడే బరువుల గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కకట్టే అదనపు బరువు చదరపు మీటరుకి 150 కిలోలే. ఇంజినీరుకి చూపించకుండా మిద్దెంతా మట్టి పరచడం ప్రమాదం. కోకోపిట్ (కొబ్బరి పొట్టు), కంపోస్టు కలిపిన తేలిక మిశ్రమం వాడాలి, బరువైన టబ్బుల్ని దూలాల మీదుగా సర్దుకోవాలి.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుంటే పది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు మడిని అక్టోబరులో నేను ఇలా వేయమంటాను. ఉత్తరం అంచున చిక్కుడు పాదులు, కర్రలో వలో కట్టి. చలికాలంలో ఎండ దక్షిణం నుంచి వాలుగా పడుతుంది కాబట్టి చిక్కుడు నీడ మిగతా మొక్కల మీద పడదు. మధ్యలో రెండు అడుగుల ఎడంతో టమాటా నారు, పక్కనే ఊతకర్ర. టమాటా గుబురు కట్టడానికి నెల పైనే పడుతుంది, ఆ లోపు మధ్య ఖాళీలో చల్లిన మెంతికూర పీకేసుకోవచ్చు. దక్షిణం అంచున ముల్లంగి, నలభై ఐదు రోజుల్లో అదీ ఖాళీ. అక్కడ కొత్తిమీర వేసి, కొన్ని మొక్కల్ని కోయకుండా పూతకి వదలాలి. ఆ చిన్న తెల్లపూల తేనె కోసం వచ్చే సిర్ఫిడ్ ఈగల పిల్లలు పేనుబంకని తింటాయి.

మార్చి వచ్చేసరికి దిక్కులు మారిపోతాయి. ఎండాకాలంలో మొక్కని చంపేది మధ్యాహ్నం తర్వాత పడమటి ఎండ. ఎత్తు మొక్కలు, పందిరి అప్పుడు పడమర వైపు ఉండాలి, వాటి నీడలో బచ్చలి, కొత్తిమీర నిలబడతాయి. చలిదేశాల పట్టికలు ఎండనెలా దక్కించుకోవాలో చెబుతాయి, మనకి సగం ఏడాది నీడ కావాలి. జూన్‌లో తొలకరి పడ్డాక బీర పందిరి కింద చేమ, పసుపు. టమాటా తీసిన చోట వంగ, మిరప వద్దు. మూడూ ఒకే కుటుంబం, ఎండుతెగులు మట్టిలో కాచుకుని ఉంటుంది. అక్కడ తోటకూర, అలసంద లాంటివి వేసుకోవాలి.

ఇంత వివరం ఇంటి తోట వేసేవాళ్లకి యూట్యూబ్ ద్వారా కాకుండా విశ్వవిద్యాలయాల ద్వారా అందాలి. ఆంధ్రప్రదేశ్‌లోని వెంకటరామన్నగూడెంలో, తెలంగాణలో సిద్దిపేట జిల్లా ములుగులో రెండు ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలు కలిపి వేసే ఏటీఎం (ఎనీ టైమ్ మనీ) పద్ధతిని పల్లెల్లో ప్రచారం చేస్తోంది. సెంటు నేల కూడా లేని పట్నం ఇంటికి ఇలాంటిదే కావాలి. అడుగున్నర టబ్బులో ఏ రెండు పంటలు కలిసి కాస్తాయి, పడమటి నీడ ఎంత ఉంటే ఎంత దిగుబడి, టబ్బు మట్టిలో నులిపురుగు పోవాలంటే బంతి ఎన్ని వారాలు ఉంచాలి - ఇవి ప్రయోగం పెట్టి తేల్చదగ్గ ప్రశ్నలే. మొదటి మెట్టుగా ప్రభుత్వ నర్సరీల్లో 25 రోజుల టమాటా నారుతో పాటు 40 రోజుల బంతి నారుని ఒకే ట్రేలో అమ్మితే, సరైన వయసు నారు పెరట్లో చోటున్న ప్రతి ఇంటికీ చేరుతుంది.