చుపే దె కమరోనెస్ దొరగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ చుపే దె కమరోనెస్ దొరగారి దివ్యసముఖమునకు,
అరెకీపా నగరం, పెరూ దేశం.

తమరు రొయ్యల సూప్ అనే వంటకం అంటే నమ్మి చెంచా పట్టుకొచ్చాం. తీరా గిన్నెలో చూస్తే బంగాళదుంపలు, మొక్కజొన్న పొత్తు ముక్కలు, గుమ్మడి, పెద్ద చిక్కుడు గింజలు, అన్నం, పచ్చి చీజ్, పైన ఓ గుడ్డు! మధ్యలో మీసాలు తిప్పుతూ రొయ్య. ఇది సూపా, పెళ్లివారి విడిదా?

పోనీ ఆ రొయ్యయినా సులువుగా దొరుకుతుందా? సముద్రపుది తమరికి ఆనదు. ఒకోన్యా, మాహెస్ లాంటి అక్కడి ఏళ్లలో పెరిగిన రొయ్యే కావాలి. ఏటా డిసెంబర్ 20 నుంచి మార్చి 31 దాకా దాని వేట నిషేధం. మిగతా నెలల్లోనూ 7 సెంటీమీటర్లు లేనిదాన్ని ముట్టకూడదు. ఆ నిషేధపు నెలలే అక్కడ వేసవి; ఆ వేసవి వరదకు తల్లులు కిందికి దిగి, ఏరు సముద్రంలో కలిసేచోట పిల్లల్ని వదులుతాయట. పురిటి సెలవు కాబట్టి నోరు మూసుకున్నాం. ఈలోగా తమరి పేరు చెప్పి చెరువుల్లో పెంచే వనామీ రొయ్య వడ్డించేవాళ్ల సంగతేమిటి? వనామీ మాకు కొత్తా! అదీ తమరి పసిఫిక్ తీరపుదే. 2009లో మన దేశంలో అనుమతి దొరికాక భీమవరం చెరువుల్లో పాతుకుపోయింది. తల తీసేసిన ప్యాకెట్ రొయ్యతో తమరికి ఆ రంగు జన్మలో రాదు.

ఎందుకంటే తమరి ప్రాణమంతా ఆ తలలోనే ఉంది. నలుగురికి కిలో రొయ్యలు. తలల్లోని ఎర్రటి కొవ్వు చెంచాతో తీసి దాచాలి. తలలు, పెంకులు 20 నిమిషాలు మరిగించి వడగట్టాలి. ఉల్లి, వెల్లుల్లి, టమాటా, రెండు చెంచాల అహీ పాంకా మిరప ముద్ద సన్నసెగన నూనె తేలేదాకా వేయించి, అప్పుడు ఆ కొవ్వు కలపాలి. తొందరపడి మంట పెంచితే మాడి చేదెక్కుతుంది, ఇక ఏ పాలూ దాన్ని కాపాడలేవు. తర్వాత వడగట్టిన నీళ్లు, దుంపలు, పొత్తులు, బియ్యం. బియ్యం గుప్పెడు దాటిందా, చెంచా నిటారుగా నిలబడుతుంది. రొయ్యలు చివర్లో మూడు నాలుగు నిమిషాలే. ఆపైన ఉడికితే రబ్బరు.

పాల దగ్గర తమరి అలక మరీ ఎక్కువ. టమాటా పులుపున్న రసం తెర్లుతుండగా పోస్తే విరిగి పలుకులవుతాయి. పొయ్యి ఆర్పి, ముందు గరిటెడు వేడి రసం పాలలో కలిపి, అప్పుడు గిన్నెలో పోయాలి. అవీ తీపి లేని టిన్ను పాలే. మిఠాయికి వాడే తీపి డబ్బా విప్పినవాడికి శిక్ష తమరే వేయండి. పైన వేసే వకతాయ్ ఆకు మన బంతి చెట్టుకు దగ్గరి చుట్టం. రెండు రెబ్బలు చాలు, గుప్పెడు వేస్తే రొయ్య వాసన పరార్.

అక్కడి పికాంతెరియాల్లో, అంటే పాతకాలపు భోజనశాలల్లో, సూపులకు వారానికో వరస ఉందట: సోమవారం చాకే, మంగళవారం చైరో, శుక్రవారం తమరి వంతు. పక్కన మొలకెత్తిన నల్ల మొక్కజొన్నతో కాచిన చిచా అనే పానీయం ఓ గ్లాసు. ఇంత దిగమింగాక కూడా "తర్వాత భోజనం ఏం తీసుకుంటారు?" అని అడిగే సర్వరు ఎక్కడైనా కనబడితే, దయచేసి అతణ్ణి అరెకీపాకు బదిలీ చేయించగలరు.

ఇట్లు,
నడుం బెల్టు రెండు కన్నాలు వదులు చేసుకున్న
తమ విధేయులు