కాగితం చదివిపెట్టే మనిషి కావాలి

ప్రతి లా కాలేజీలో ఉచిత న్యాయసాయం చేసే ఒక లీగల్ ఎయిడ్ క్లినిక్ ఉండాలని, సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో చివరి ఏడాది విద్యార్థులు దాన్ని నడపాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లో లా కాలేజీలకు కొదవ లేదు. శామీర్‌పేటలో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్ ఉంది. ఉస్మానియా క్యాంపస్‌లో, బషీర్‌బాగ్‌లో విశ్వవిద్యాలయ కాలేజీలున్నాయి. ప్రైవేటు కాలేజీలు చిక్కడపల్లి నుంచి ఎల్బీ నగర్ దాకా ఉన్నాయి. అయినా బాలానగర్‌లో లేత్ వర్క్‌షాపు నడిపే ఒకాయనను ‘అగ్రిమెంటు మీద సంతకం పెట్టేముందు ఎవరికి చూపిస్తారు?’ అని అడిగితే, లా కాలేజీ పేరు ఆయన నోట వచ్చే అవకాశం తక్కువ. జీఎస్టీ రిటర్నులు వేసిపెట్టే అకౌంటెంట్ పేరు చెబుతారు. లేదంటే ఎవరికీ చూపించనంటారు. పెద్ద కంపెనీ పంపిన కాగితంలో ఒక వాక్యం మార్చమన్నా ఆర్డరే పోతుందని ఆయన భయం.

ఆ భయం ఉన్నచోటికే లా విద్యార్థులు వెళ్లాలని మా అభిప్రాయం. చిన్న వ్యాపారుల కాగితాలు చదవడం, రాయడం, సరిచూడడం లా డిగ్రీలో మార్కులున్న పని కావాలి. దీనికొక షరతు ఉంది. ఎన్‌రోల్ అయిన (బార్ కౌన్సిల్లో పేరు నమోదైన) న్యాయవాది పక్కన లేకుండా ఏ విద్యార్థీ ఏ వ్యాపారికీ సలహా చెప్పకూడదు. ఆ షరతు లేని ఉచిత సేవ చేయడం కంటే అసలు చేయకపోవడమే మేలు. ఎందుకో కింద చెబుతాం.

ఇప్పటిదాకా మనం లీగల్ ఎయిడ్ అంటే పేదలకు కోర్టులో సాయం అనే అనుకున్నాం. అది అవసరమే. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి, మహిళలకు, పిల్లలకు, వికలాంగులకు, కస్టడీలో ఉన్నవారికి, పారిశ్రామిక కార్మికులకు, నిర్ణీత ఆదాయం లోపువారికి ఉచిత న్యాయసాయాన్ని హక్కుగా ఇచ్చింది. ఇద్దరు ముగ్గురు పనివాళ్లతో షెడ్డు నడిపే మనిషి చాలాసార్లు వీటిలో దేని కిందికీ రాడు. అలాగని ఫీజు ఇచ్చి లాయరుతో కాంట్రాక్టు చదివించుకునే స్తోమతా ఉండదు. మహిళల సంగతి వేరు, వారికి ఆదాయ పరిమితి లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కర్రీ పాయింట్ నడిపే ఆవిడకైనా, అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడిపే ఆవిడకైనా అద్దె గొడవ కోర్టు దాకా వస్తే ప్రభుత్వ ఖర్చుతో లాయరును అడిగే హక్కు ఈరోజే ఉంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికైనా విద్యార్థులు బజారులోకి వెళ్లొచ్చు.

నగరంలో స్టార్టప్‌లకు 2015 నుంచి టీ-హబ్ ఉంది, మహిళా పారిశ్రామికవేత్తలకు 2018 నుంచి వీ-హబ్ ఉంది. మంచిదే. కానీ కాటేదాన్‌లో ప్లాస్టిక్ సామాను చేసే షెడ్డు, లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే కుటుంబం, రాణిగంజ్‌లో స్పేర్‌పార్టుల కొట్టు ఆ గుమ్మాలు ఎక్కే వ్యాపారాలు కావు.

ఇలాంటి వ్యాపారాల్లో పీకల మీదికి వచ్చే సమస్య ఒక్కటే. సరుకు పోయింది, డబ్బు రాలేదు. దీనికి చట్టం లేదా అంటే ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా డబ్బు కట్టాలి. ఎలా రాసుకున్నా ఆ గడువు 45 రోజులు దాటకూడదు. గడువే రాసుకోకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. బ్యాంకు రేటు 6 శాతం ఉంటే వడ్డీ 18 శాతమన్నమాట. అయినా ఇవ్వకపోతే ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు, 2017 నుంచి సమాధాన్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు. కౌన్సిల్ ఇచ్చిన ఉత్తర్వును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం డబ్బు జమ కట్టాలి. 2023లో ఆదాయపన్ను చట్టాన్ని కూడా సవరించారు. గడువు దాటిన ఈ బాకీలను కొనుగోలుదారు నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపించుకోవాలి.

చిన్నవాళ్లకు ఇంత అనుకూలంగా రాసిన చట్టాలు మన దగ్గర తక్కువే. మరి డబ్బులెందుకు రావు? కేసు నిలబడాలంటే కాగితాలు కావాలి, అవి ఉండవు. ఆర్డర్ ఫోన్లో చెప్పి ఉంటారు, లేదా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి ఉంటారు. డెలివరీ చలాన్ మీద గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు గీసిన గీత తప్ప కంపెనీ ముద్ర ఉండదు. ఆర్నెల్లు పోయాక ‘మీ పీసులు సైజు రాలేదు’ అంటే ఏం చెప్పాలో తెలియదు. సరుకు ముట్టిన 15 రోజుల్లోపు అభ్యంతరం రాతపూర్వకంగా చెప్పకపోతే ఆ సరుకును ఒప్పుకున్నట్టేనని అదే చట్టంలో ఉంది. ఆ సంగతి షెడ్డు దాకా చేరలేదు. చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండదు. గొడవ మొదలయ్యాక చేయించుకుంటే పాత బిల్లులకు అది పనికొస్తుందా లేదా అన్నదే ఇంకో గొడవ. ఆ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు, పత్రాలు అప్‌లోడ్ చేయమనదు. అయినా ఏజెంట్లకు డబ్బులిచ్చి చేయించుకునేవాళ్లు ఉన్నారు.

బిల్లులు, చలాన్లు తేదీల వరుసలో పేర్చడం, ఏ బిల్లుకు ఎప్పుడు గడువు దాటిందో పట్టిక వేయడం, చక్రవడ్డీ లెక్క కట్టడం, లేని కాగితం ఏదో గుర్తించడం చివరి ఏడాది విద్యార్థి చేయగలిగిన పనులే. బాకీ ఉన్నట్టు అవతలివారి చేత ఒక లెటరు రాయించుకోవడం కూడా. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, డబ్బు వసూలు దావాకు మామూలుగా ఉన్న కాలపరిమితి మూడేళ్లే. ఆ మూడేళ్లు దాటకముందే బాకీని ఒప్పుకుంటూ సంతకం చేసిన కాగితం దొరికితే గడువు మళ్లీ మొదటినుంచి లెక్కకొస్తుంది. లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్‌ను పరీక్షలో ఐదు మార్కులకు రాసిన విద్యార్థికి, అది ఒక కుటుంబం డబ్బును కాపాడే సంగతి అని ఇక్కడే తెలుస్తుంది.

ఇంతకన్నా పెద్ద పాఠం ఇంకోటుంది. విద్యార్థి నోటీసు పంపుదామంటాడు. యజమాని వద్దంటాడు. ఆ కంపెనీ ఇచ్చే జాబ్ వర్కే తన ఆదాయంలో సగం, నోటీసు వెళ్లిన రోజే ఆర్డర్లు ఆగిపోతాయి. యజమాని చట్టం తెలియక అలా అనడం లేదు, వ్యాపారం తెలిసి అంటున్నాడు. గెలిచే కేసును వేయకుండానే డబ్బు రాబట్టే దారి వెతకడం, వచ్చే ఆర్డర్ నుంచైనా పీవోలో (కొనుగోలు ఆర్డరు కాగితంలో) గడువు రాయించడం, కొంత అడ్వాన్సు అడిగించడం, ఫిర్యాదును ఆఖరి అస్త్రంగా దాచుకోవడం... వీటిని ఏ పాఠ్యపుస్తకమూ నేర్పదు. అంతర్జాతీయ సముద్ర జలాల మీద మూట్ కోర్టులో (కాలేజీ విద్యార్థుల నమూనా కోర్టులో) గంటసేపు వాదించిన కుర్రాడు చెక్ బౌన్స్ నోటీసు రాయమంటే బిక్కమొహం వేయడం న్యాయవాదుల మధ్య పాత జోకే. (మూట్ కోర్టులు వద్దని మేము అనడం లేదు. నల్ల కోటు వేసుకుని నిలబడి మాట్లాడడమూ అలవాటు కావాల్సిందే.)

అద్దె కాగితాలు కూడా చూడాలి. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించాలి కాబట్టి నగరంలో దుకాణాలన్నీ 11 నెలల అగ్రిమెంటు మీద నడుస్తున్నాయా అనిపిస్తుంది. ఆ కాగితం మీద నమ్మకంతో లక్షలు పోసి ఇంటీరియర్ చేయించుకున్నవాళ్లను ‘పన్నెండో నెలలో ఖాళీ చేయమంటే?’ అని ముందుగా అడిగే మనిషి కావాలి. భాగస్వామ్య సంస్థల సంగతీ ఇంతే. దావా వేసే నాటికి సంస్థ రిజిస్టర్ కాకపోతే బాకీదారు మీద ఒప్పందం ఆధారంగా దావా నడవదని 1932 నాటి చట్టం 69వ సెక్షన్ చెబుతోంది. అన్నదమ్ములం కదా, రిజిస్ట్రేషన్ ఎందుకు అనుకున్నవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు.

ఇక షరతు సంగతి. చెక్కు బౌన్సయితే బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. అది అందాక డబ్బు కట్టడానికి అవతలివారికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే నెల రోజుల్లో ఫిర్యాదు వేయాలి. సెమిస్టర్ పరీక్షల టెన్షన్‌లో విద్యార్థి నోటీసు ఆలస్యం చేసి, ఈలోగా చెక్కు చెల్లుబాటు కూడా అయిపోతే ఆ దారి మూసుకుపోయినట్టే. బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారి ఉద్యమ్ సర్టిఫికెట్ చూసి ‘మీకూ 45 రోజుల రూలు ఉంది’ అని చెప్పినా తప్పే. 2021లో కేంద్రం రిటైల్, హోల్‌సేల్ వర్తకులను ఎంఎస్ఎంఈల్లోకి తీసుకున్నది బ్యాంకుల ప్రాధాన్యరంగ రుణాల కోసం మాత్రమే. సర్టిఫికెట్ ఒకలాగే ఉంటుంది, హక్కులు వేరు. తప్పు సలహా నమ్మి వ్యాపారి అవతలివారికి గట్టిగా లెటరు రాస్తే పరువూ బేరమూ రెండూ పోతాయి.

రహస్యం మాట కూడా ఉంది. క్లయింట్ తన లాయరుకు చెప్పిన మాటలకు చట్టం రక్షణ ఇస్తుంది. 2023 భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ఆ రక్షణను లాయరు గుమాస్తాలకు, ఉద్యోగులకు కూడా వర్తింపజేసింది. లా విద్యార్థి ప్రస్తావన అందులో లేదు. కచ్చా బిల్లుల సంగతి, ఉద్దర ఖాతాల సంగతి విద్యార్థి నోట్‌బుక్‌లోకి ఎక్కాక దానికి పూచీ ఎవరు? న్యాయవాది కింద పనిచేస్తేనే ఈ ప్రశ్నకు ఎంతోకొంత జవాబు ఉంటుంది.

చిక్కేమిటంటే, పూర్తికాలం జీతం తీసుకునే లా అధ్యాపకులు ప్రాక్టీసు చేయకూడదు. క్లినిక్‌ను చూసుకోవాల్సింది మాత్రం వాళ్లే! దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రాక్టీసులో ఉన్న న్యాయవాది రోజుకు మూడు గంటలు మించకుండా లా బోధించవచ్చని బార్ కౌన్సిల్ 1979 నాటి నిబంధనలే అనుమతిస్తున్నాయి. ప్రతి కాలేజీ సివిల్, వాణిజ్య కేసుల అనుభవం ఉన్న ఇద్దరు న్యాయవాదులను అలా తీసుకోవాలి. క్లినిక్ నుంచి బయటికి వెళ్లే ఏ కాగితమైనా వారి సంతకంతోనే వెళ్లాలి. బార్ కౌన్సిల్ తనిఖీకి వచ్చినప్పుడు గదులు, కుర్చీలు చూడడంతో సరిపెట్టకుండా ఫైళ్ల రిజిస్టర్ అడగాలి. మూడేళ్ల కోర్సులో 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాల ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. ఇప్పుడు ఆ వారాలు ఎలా గడుస్తున్నాయో అందరికీ తెలుసు. పరిచయం ఉంటే పెద్ద ఆఫీసు, లేకపోతే సీనియర్ వెనక ఫైళ్లు మోయడం, రెండూ కుదరకపోతే ఎక్కడో ఒక సర్టిఫికెట్. అమెరికాలో అక్కడి బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న లా స్కూళ్లలో కనీసం ఆరు క్రెడిట్ల ప్రయోగాత్మక కోర్సులు చేయనిదే లా డిగ్రీ రాదు, చిన్న వ్యాపారాల కోసమే క్లినిక్‌లు నడిపే లా స్కూళ్లు అక్కడ ఉన్నాయి. వాటిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. పని చేస్తేనే మార్కులు అన్న లెక్క మాత్రం తెచ్చుకోవచ్చు.

జూనియర్ లాయర్ల పొట్ట కొడతారా అనే అభ్యంతరం రాక మానదు. నాంపల్లి, సికింద్రాబాద్ కోర్టుల్లో ఏళ్ల తరబడి చేతికి సరిపడా రాని జూనియర్లు ఉన్నారు, వారి మాట కొట్టిపారేసేది కాదు. అయితే షెడ్ల వాళ్లు ఇప్పుడు వారి దగ్గరికీ వెళ్లడం లేదు. వాణిజ్య వివాదం విలువ 3 లక్షలు, ఆపై ఉంటే, అత్యవసర ఉత్తర్వులు అక్కర్లేని కేసుల్లో దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లాలని వాణిజ్య కోర్టుల చట్టానికి 2018లో సవరణ తెచ్చారు. కాగితాలు సర్దుకున్న క్లయింట్ మధ్యవర్తి ముందుకైనా, కోర్టుకైనా లాయరుతోనే వెళ్తాడు. మా అసలు అనుమానం ఇంకోచోట ఉంది. పర్యవేక్షించే న్యాయవాదే ఆ కేసులను తన చాంబర్‌కు మళ్లించుకుంటే క్లినిక్ కేసులు పట్టే కౌంటర్ అయిపోతుంది. అందుకే కోర్టుకు వెళ్లాల్సిన ఫైళ్లను బార్ అసోసియేషన్ ఇచ్చే జూనియర్ల జాబితాకు వంతులవారీగా పంపాలి.

భాష విషయంలో ఈ పని కొందరికి కలిసొస్తుంది. బేరం తెలుగులోనో దక్కనీలోనో జరుగుతుంది, ఒప్పందం ఇంగ్లిషులో వస్తుంది. జిల్లాల నుంచి వచ్చి నగరంలో లా చదివే పిల్లలు ఇంగ్లిషు ధాటిగా రాక కార్పొరేట్ ఇంటర్న్‌షిప్‌లలో వెనకబడుతున్నారు. వ్యాపారి గంటసేపు చెప్పుకునే కష్టంలోంచి తేదీలు, మొత్తాలు, ఇచ్చిన మాటలు ఏరి, ఒక పేజీలో తెలుగులో రాసి ఆయనకే చదివి వినిపించే పనిలో వాళ్లే ముందుంటారు.

క్లినిక్ కాలేజీ ఆవరణలో ఉంటే మెషిన్ ఆపుకుని ఎవరూ రారు. జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి, నాచారంలో పరిశ్రమల సంఘాలు సాయంత్రం ఆరు తర్వాత ఒక బల్ల, నాలుగు కుర్చీలు ఇస్తే చాలు. మూడేళ్ల ఎల్ఎల్‌బీలో పగలు ఉద్యోగం చేసుకునేవాళ్లకూ ఆ వేళ కుదురుతుంది. వేసవి సెలవుల్లో ఫైళ్లు ఎవరి చేతిలో ఉంటాయో ముందే రాసిపెట్టుకోవాలి. పర్యవేక్షించే న్యాయవాదులను ఉచితంగా రమ్మంటే రెండు వారాలు వస్తారు, తర్వాత కనిపించరు. వారి గౌరవ వేతనంలో సగం కాలేజీల ఫీజుల్లోంచి, సగం పరిశ్రమల శాఖ నుంచి రావాలని మా సూచన. ముందు ఒక పారిశ్రామికవాడలో, రెండు కాలేజీలతో, ఒక విద్యాసంవత్సరం నడపాలి. ఎన్ని ఫైళ్లు తెరిచారో, ఎంత బాకీ వసూలైందో, ఎక్కడ తప్పు సలహా వెళ్లిందో బయటపెట్టాలి. ఉన్నత విద్యామండలి, బార్ కౌన్సిల్, పరిశ్రమల శాఖ వచ్చే లా ప్రవేశాలకు ముందే కూర్చుని ఆ కాలేజీలు ఏవో, ఆ పారిశ్రామికవాడ ఏదో తేల్చాలి.