ట్యాంకు దగ్గర బాగున్నాయి

మా ఊరి కొళాయి నీళ్ళ మీద ఈమధ్య నిందలు మరీ ఎక్కువైపోయాయి. రంగు మారిందంటారు, కంపు కొడుతోందంటారు, బిందె అడుగున ఏదో కదిలిందంటారు. ఇన్ని నోళ్ళు ఆడిపోసుకుంటుంటే నీళ్ళ తరఫున మాట్లాడే దిక్కు ఒక్కటైనా ఉండాలి కదా అని ఈ బరువు నేను తలకెత్తుకున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దోవలో కనబడే ఊళ్ళలో ఏదో ఒకటనుకోండి. పేరు రాస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు "మా నీళ్ళేం తక్కువ తిన్నాయా" అని నొచ్చుకుంటారు.

మొదట నీళ్ళు వదిలే ఆఫీసు మాట చెప్పడం మర్యాద. ఎవరు పోయి ఏం అడిగినా అక్కడ వచ్చే జవాబు ఒక్కటే: "ట్యాంకు దగ్గర బాగున్నాయి సార్." ఇందులో అబద్ధం వెతికినా దొరకదు. ట్యాంకు దగ్గర నిజంగానే బాగుంటాయి. బ్లీచింగ్ పౌడర్ కలిపాక గాజు గొట్టంలో కాసిని నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేస్తే పసుప్పచ్చగా తిరుగుతాయి. పసుపు కనబడితే క్లోరిన్ ఉన్నట్టు లెక్క. పసుపు కనబడ్డాక అంతా శుభమే, ఇంకా ప్రశ్నలేమిటి? ట్యాంకు కడిగిన తేదీ, మళ్ళీ కడగాల్సిన తేదీ దాని కాలి మీద పెయింటుతో రాసి ఉంటాయి. రెండో తేదీ ఎప్పుడో దాటిపోయిందని కొందరు వేలు పెట్టి చూపిస్తారు. తేదీలు దాటిపోవడం క్యాలెండరు స్వభావం. దానికి ట్యాంకు ఏం చేస్తుంది?

అసలు కథ ట్యాంకు దిగాక మొదలవుతుంది. మా ఊళ్ళో నీళ్ళు రోజు విడిచి రోజు, అదీ ఒక గంట వస్తాయి. మిగిలిన నలభై ఏడు గంటలు పైపులో ఉండేది గాలి. వాల్వు కట్టేయగానే పల్లంలో ఉన్న ఇళ్ళు పైపులో మిగిలిన నీళ్ళను కూడా లాగేసుకుంటాయి. ఖాళీ అయిన పైపు ఊరికే ఉండదు. పగులు ఎక్కడుంటే అక్కడినుంచి బయట ఉన్నదాన్ని లోపలికి పీల్చుకుంటుంది. బయట ఏముంటుందంటారా, పక్కనే మురుగు కాలవ ఉంటుంది. పక్కనే అని కూడా మర్యాదకు అంటున్నాను. మెయిన్ లైను నుంచి ఇంటింటికీ వచ్చే సన్న పైపు కాలవ దాటందే ఇంట్లోకి రాలేదు కాబట్టి కాలవలో మునిగే వస్తుంది. కాలవ పూడిక తీసేటప్పుడు గడ్డపార తగిలినచోట సైకిల్ ట్యూబు చుట్టి కట్టి ఉంటుంది. మా వీధిలో అలాంటి కట్టు ఒకదాన్ని వేసిన ప్లంబరు, "టెంపరరీగా పెట్టినానన్నా" అన్నాడు. ఆ టెంపరరీకి ఇప్పుడు పెళ్ళి సంబంధాలు చూడొచ్చు.

ఇందులో పౌరుల కృషిని తక్కువ చేసి చెప్పకూడదు. నీళ్ళు సన్నగా వస్తున్నాయని మొదట ఒకాయన కొళాయి పైపుకే నేరుగా మోటారు బిగించాడు. దాంతో పక్కింటికి రావడం మానేశాయి. పక్కింటాయన అంతకన్నా పెద్ద మోటారు తెచ్చాడు. ఇప్పుడు తెల్లవారుజామున "నీళ్ళు ఇడిచినారక్కా!" అని కేక వినబడితే చాలు, వీధి వీధంతా మోటార్లు ఒక్కసారిగా గుర్రుమంటాయి. నీళ్ళు ఎవరికి ఎన్ని దక్కుతాయో చెప్పలేం గానీ, అన్ని మోటార్లు కలిసి పీల్చినప్పుడు కాలవ మాత్రం అందరికీ అందుతుంది. కులం, పార్టీ చూడకుండా మా ఊళ్ళో జరిగే పంపిణీ ఇదొక్కటే.

మొదటి రెండు బిందెలు పారబోసి తర్వాతవి పట్టుకోవాలని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొళాయి మూతికి తెల్లగుడ్డ కడతారు. ఆ గుడ్డ రంగు చూసి నిన్న ఏ వీధిలో తవ్వారో చెప్పగల పెద్దవాళ్ళున్నారు. గుడ్డకు చిక్కేది మట్టీ తుప్పే. టైఫాయిడ్, పచ్చకామెర్లు తెచ్చేవి అందులోంచి దర్జాగా దిగిపోతాయి. పటిక తిప్పినా, వెనకటి రోజుల్లోలాగా చిల్లగింజ అరగదీసి కలిపినా మడ్డి అడుగుకు పోయి నీళ్ళు తేటపడతాయి. కంటికి తేటగా కనబడితే సగం రోగం భయం పోయినట్టే. మిగతా సగం డాక్టరు చూసుకుంటాడు.

ఇక చదువుకున్నవాళ్ళ గోల వేరు. వాళ్ళు ఐఎస్ 10500 అంటారు. తాగునీళ్ళు ఎలా ఉండాలో చెబుతూ భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించి ఇచ్చిన పట్టిక అది. ఊరి మీద ప్రేమ కొద్దీ నేనూ చదివాను. అందులో కొలతలకు రెండు గళ్ళు ఉంటాయి. ఉండాల్సిన కొలత మొదటి గడిలో ఉంటుంది. వేరే నీళ్ళు దొరకనప్పుడు ఎంతవరకు సర్దుకోవచ్చో రెండో గడిలో ఉంటుంది. కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా పర్వాలేదు. కాఠిన్యం 200, దిక్కు లేకపోతే 600. ఫ్లోరైడ్ 1, దిక్కు లేకపోతే 1.5. మా ఊరి కాపురం మొదటినుంచీ రెండో గడిలోనే. పప్పు ఒక పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు, స్టీలు బిందె లోపల తెల్లగా పెచ్చు కడుతుంది, గీజరులో కాయిల్ నిలవదు. ఇదంతా పట్టిక ఒప్పుకున్న జీవితమే.

కానీ ఆ పట్టిక కొన్నిచోట్ల మొండికేస్తుంది. నైట్రేటు 45 దాటితే సడలింపు లేదు. మలంతో వచ్చే ఈ-కోలై అనే క్రిమి దగ్గర మరీ అన్యాయం. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో ఒక్కటి కూడా కనబడకూడదట. ఇంటికొచ్చిన వాళ్ళను వాకిట్లోంచే పంపేయడం మన సీమ మర్యాదేనా? అన్నిటికన్నా విచిత్రమైన మాట క్లోరిన్ గురించి రాశారు. మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలట, దాన్ని వాడుకునేవాళ్ళ దగ్గర, అంటే ఇంటి కొళాయి దగ్గర పరీక్షించాలట! ఇది రాసినవాళ్ళకు ఆఫీసు పని తెలియదని ఒప్పుకోక తప్పదు. ట్యాంకు ఒక్కటి, కొళాయిలు వేలు. పైగా ట్యాంకులో కలిపిన క్లోరిన్ దోవ పొడుగునా కాలవతో కొట్లాడి ఖర్చయిపోతుంది. చివరి వీధికి చేరేసరికి గాజు గొట్టంలో ఎన్ని చుక్కలు వేసినా పసుపు తిరగదు. పసుపు రాని చోటికి పోయి పరీక్ష చేయడం దేనికి, ఉన్న శుభం పోగొట్టుకోవడానికా?

ఊళ్ళో నాలుగు డబ్బులున్నవాళ్ళు ఈ చర్చలోంచి ఎప్పుడో తప్పుకున్నారు. ఇరవై లీటర్ల క్యాను వాళ్ళ గుమ్మంలోకే వస్తుంది. క్యాను తెచ్చే అబ్బాయి జేబులో పెన్నులాంటి టీడీఎస్ మీటరు ఉంటుంది. నీళ్ళలో ముంచి "చూడన్నా, నలభై" అని చూపిస్తాడు. ఆ మీటరు నీళ్ళలో కరెంటు ఎంత బాగా పారుతుందో చూసి ఉప్పుల లెక్క చెబుతుంది, అంతవరకే దాని చదువు. క్రిములు దాని కంట పడవు. కడగని క్యానులో ఏం ఈదుతున్నా దానికి నలభయ్యే. అయినా ఆ అంకె చూశాక టెన్షన్ ఉండదు, రాత్రి నిద్ర పడుతుంది. ఇంట్లోనే లవణాలు వడగట్టే ఆర్‌ఓ పెట్టుకున్నవాళ్ళు ఒక బిందె తాగడానికి రెండు మూడు బిందెలు కాలవలోకి వదులుతారు. లవణాలు 500 లోపు ఉన్నచోట ఆర్‌ఓ వాడకం ఆపించమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో చెప్పింది గానీ, మేము రెండో గడివాళ్ళం, మా జోలికి రాదు. అలా వదిలిన నీళ్ళు కాలవలో పడి, పైపు పగులు దగ్గర పక్కవీధివాళ్ళ కోసం కాచుకొని ఉంటాయి. చుక్క కూడా వృథా పోదు.

ఇంతా చేస్తే ఈ నీళ్ళు నేరుగా కొళాయి నుంచి తాగేది రోజూ క్యాను కొనలేనివాళ్ళు. వాళ్ళు ఆఫీసుకు పోయి అడగరు, పోతే ఆ రోజు కూలి పోతుంది. ఆఫీసులో జవాబు చెప్పేవాళ్ళు తాగేది క్యాను. పేపరుకు రాసే మాబోటివాళ్ళం తాగేదీ క్యానే. నీళ్ళ మీద మాట్లాడేవాళ్ళెవరూ ఆ నీళ్ళు ముట్టరు కాబట్టే మా ఊళ్ళో చర్చలు ఇంత ప్రశాంతంగా సాగుతుంటాయి. మధ్యలో టీ కొట్టాయన ఒక్కడు ధైర్యంగా కొళాయి నీళ్ళే వాడతాడు. సలసలా మరిగిస్తాడు కాబట్టి ఊరందరిలోకీ శాస్త్రం ప్రకారం నడుచుకుంటున్నది ఆయనే. పక్కనున్న పానీపూరి బండి గురించి నేనేమీ అనను, సాయంత్రమైతే అక్కడ నాకూ పనుంటుంది.

తిరుపతివాళ్ళకేం, కల్యాణి డ్యాము ఉంది, తెలుగుగంగ ఉంది అని మావాళ్ళు కుళ్ళుకుంటారు. తెలుగుగంగలో కృష్ణ నీళ్ళు శ్రీశైలంలో బయల్దేరి, వెలుగోడు, సోమశిల, కండలేరు చూసుకొని 1996లోనే తమిళనాడుకు చేరుకున్నాయి. మా ఊరి మలుపు ఆ దోవలో పడలేదు, అంతే. మాకు బోరే గంగమ్మ తల్లి. వెయ్యి అడుగులు దిగి తెచ్చుకున్న నీళ్ళు రాళ్ళతో ఎన్నాళ్ళు సావాసం చేశాయో నాలుక చెబుతుంది. నీళ్ళు ఎక్కువైనా సుఖం లేదని తిరుపతిలోనే తేలింది లెండి. 2021 నవంబరు వానల తర్వాత శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి ఆవరణలో భూమిలో పాతిన సిమెంటు రింగుల తొట్టి నేలలోంచి పైకి లేచి నిలబడింది. చుట్టూ నేల నిండా ఊరిన నీళ్ళు దాన్ని కిందినుంచి తేల్చాయి. జనం విరగబడి చూశారు. అర్జీ ఇవ్వడానికి లేచి వచ్చినట్టుందని నాకనిపించింది. మనుషులు ఇచ్చే అర్జీలకు అంత మంది ఎప్పుడూ రాలేదు.

తప్పెవరిదో తేల్చాల్సిందే అని పట్టుబట్టేవాళ్ళకు మా వైపు ఒక పాత పద్ధతి ఉంది. కాణిపాకం తీసుకుపోయి ప్రమాణం చేయిస్తారు. వరసిద్ధి వినాయకుడి ముందు అబద్ధం నిలవదని నమ్మకం. పైగా ఆయన బావిలో వెలసిన దేవుడు, నీళ్ళ తగువు ఆయనకు కొత్త కాదు. సరే, అందరినీ ఒక బస్సెక్కించి తీసుకుపోయామనుకుందాం. బ్లీచింగ్ కలిపే ఆయన, "ఇచ్చినంతా కలిపినాను సామీ" అంటాడు. నిజం. వాల్వు తిప్పే ఆయన, "టైముకు తిప్పినాను" అంటాడు. నిజం. కాలవ తవ్విన కాంట్రాక్టరు, "ఆడ పైపుందని నాకెవరూ చెప్పలేదు" అంటాడు. నిజమే, పైపు ఎక్కడెక్కడ పోతోందో చూపించే మ్యాపు ఎవరి దగ్గరా లేదు. ఇంజనీరు రిపేరుకు ఎస్టిమేటు పంపానంటాడు. సంతకం పెట్టాల్సిన పెద్దాయన ఆ ఫైలు తన టేబుల్ మీదికి రాలేదంటాడు. రెండూ నిజాలే. ఫైలు మధ్యలో ఎక్కడో, మా నీళ్ళలాగే, దోవలో ఉంది. మోటారు పెట్టినాయన, "అందరూ పెట్టినారు, నేనూ పెట్టినాను" అంటాడు. దీన్ని కాదనే మొనగాడు జిల్లాలో లేడు. ల్యాబులో చూసినాయన, "నాకొచ్చిన సీసాలో నీళ్ళు బాగున్నాయి" అని చెంపలు కూడా వేసుకోకుండా చెప్పగలడు. ఒక్కరి నోటా అబద్ధం లేదు. వినాయకుడికి శిక్షించే అవకాశమే రాదు. అందరూ తీర్థం పుచ్చుకొని, ప్రసాదం తిని, అదే బస్సులో తిరిగొస్తారు.

ఎలాగూ ఇంత దూరం వాదించాను కాబట్టి నా తరఫున కూడా ఒక చిన్న అర్జీ. నీళ్ళ పేరు చెడగొట్టే ఉద్దేశం నాకు ఏ కోశానా లేదు. వచ్చే నెల పరీక్షకు నీళ్ళు పట్టేటప్పుడు ట్యాంకు దగ్గర ఒక సీసా యథావిధిగా నింపుకోండి. తర్వాత పల్లపు వీధిలో చిట్టచివరి కొళాయి దగ్గరికి రండి. కాసేపు నీళ్ళు పోనిచ్చి పట్టాలని పద్ధతి చెబుతుంది, అలాగే పట్టండి. మేం పారబోసే మొదటి బిందెలోంచి కూడా వేరే సీసాలో పట్టండి. క్రిముల పరీక్ష కాబట్టి సీసాలు ముందే శుద్ధి చేసినవి కావాలి, ఐసు పెట్టెలో పెట్టి ఆలస్యం చేయకుండా ల్యాబుకు చేర్చాలి. ఐసు మాత్రం మా ఊరిది వేయకండి. సీసా మీద లేబులుంటుంది, నీళ్ళు ఎక్కడ పట్టారో రాయడానికి. అక్కడ మా వీధి పేరు మీరే దగ్గరుండి రాయించండి. ఖాళీగా వదిలితే ఆఫీసులో ఎవరో ఒకరు అలవాటు కొద్దీ "ట్యాంకు" అని రాసేస్తారు.