మాత్రలు మీ అంతట మీరే ఆపేయకండి

ఆందోళనకు వాడే మాత్రల వల్ల మగవాళ్లలో కోరిక తగ్గవచ్చని నేను చదివిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశారు. ఆ ఒక్క ముక్క దగ్గరే నేను ఎనిమిది నెలలు నలిగిపోయాను.

బెంగళూరులో, మారతహళ్లిలో ఉంటాను. ఆందోళనకు ఎస్సిటాలోప్రామ్ అనే మాత్ర మొదలుపెట్టిన నాలుగు వారాలకు గుండెదడ తగ్గింది, నిద్ర పట్టింది. కానీ కోరిక సన్నగిల్లింది. స్ఖలనం బాగా ఆలస్యమయ్యేది, ఒక్కోసారి అసలు అయ్యేదే కాదు. తన మీద నాకు ఇష్టం పోయిందేమోనని మా ఆవిడ లోలోపల కుమిలిపోయింది. ఎవరికీ చెప్పుకోలేక మాత్రలు ఆపేశాను. నాలుగు రోజులకే కళ్లు తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమనడం, మళ్లీ ఆ దడ. దయచేసి ఎవరూ అలా చేయొద్దు.

చివరికి వేరే డాక్టరుకు చెప్తే ఆయనేమీ ఆశ్చర్యపోలేదు. ఈ మందులు మెదడులో సెరటోనిన్ అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతాయి, స్ఖలనం ఆలస్యమయ్యేది అందుకేనన్నారు. శీఘ్రస్ఖలనానికి ఇచ్చే డపాక్సిటిన్ కూడా ఈ కోవ మందేనట! షుగరు జబ్బు, కొన్ని బీపీ మందులు, అసలు ఆందోళనే కూడా ఇలా చేయగలవని పరీక్షలు రాశారు. అదే మాత్ర మళ్లీ తక్కువ డోసులో ఇచ్చి చూసి, తర్వాత మెల్లగా మిర్టజపిన్ అనే వేరే మందుకి మార్చారు. రెండు నెలలకు తేడా తెలిసింది.

మొదటి చీటీ రాసిన రోజే ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే మా ఇంట్లో ఇంత ఏడుపు ఉండేది కాదు. సిగ్గుతో అడగలేని మనవాళ్లకు డాక్టర్లే ముందుగా చెప్పాలి. ఈ ఊళ్లో తెలుగులో చెప్పుకునే మనిషి దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడతారు.