వెతికితే దొరికే ఆఫీసు మనకొద్దు

ఈ మధ్య కొన్ని ఆఫీసుల్లో ఒక దురలవాటు మొదలైంది. కొత్తగా చేరిన పిల్లలు ఏదైనా డాక్యుమెంట్ కావాలంటే పక్కసీటు వాళ్ళని అడక్కుండా ఇంట్రానెట్ (ఆఫీసు లోపలి వెబ్‌సైట్) ఓపెన్ చేసి, పైన సెర్చ్ బాక్స్ లో ఏదో కొట్టి, కావాల్సింది నిమిషంలో తీసేసుకుని, ఎవరికీ చెప్పాపెట్టకుండా పని చేసుకుపోతున్నారట. వినడానికి చిన్న విషయమే. కానీ దీన్ని ఇలాగే వదిలేస్తే ఆఫీసు అనే వ్యవస్థే మిగలదు అని నేను చాలా సీరియస్ గా హెచ్చరిస్తున్నా.

అసలు పద్ధతి ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోండి. ట్రావెల్ పాలసీ కావాలి. "అన్నా, ఆ ట్రావెల్ పాలసీ ఎక్కడుందో తెలుసా" అని అడ్మిన్ లో ఒక సీనియర్ ని అడుగుతాం, ఆయన "ఆగు తమ్ముడూ, వాట్సాప్ చేస్తా" అంటాడు, ఈలోపు టీ, టీతో పాటు ఎవరికి ప్రమోషన్ వచ్చిందీ ఎవరు పేపర్ పెట్టేశారు అన్న సమాచారం, సాయంత్రానికి ఫైల్ వస్తుంది, అది మూడేళ్ళ కిందటిది, దాని ప్రకారం క్లెయిమ్ పెడతాం, ఫైనాన్స్ వాళ్ళు వెనక్కి కొడతారు, మళ్ళీ మెయిళ్ళు, ఒక మీటింగ్. ఇంతమందికి పని దొరికింది. అదే ఫైల్ సెర్చ్ లో దొరికేస్తే వీళ్ళందరూ రోజంతా ఏం చేయాలి?

ఈ గొడవకి మూలం 1989 లో ఉంది. జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్ లీ అనే ఆయన, ఇక్కడికి జనం వచ్చి రెండేళ్ళకే వెళ్ళిపోతున్నారు, వాళ్ళతో పాటు సమాచారమూ పోతోంది, దీనికో దారి చూడాలి అని పై ఆఫీసర్ కి ఒక ప్రపోజల్ రాశాడు. ఆ ఆఫీసర్ దాని మీద "అస్పష్టంగా ఉంది గానీ ఆసక్తిగా ఉంది" అనే అర్థం వచ్చేలా రాసి వదిలేశాడు. మన దగ్గరైతే "పుటప్ విత్ ప్రీవియస్ పేపర్స్" అని రాసేవాళ్ళు, ప్రీవియస్ పేపర్స్ దొరికేవి కాదు, ప్రపంచం ప్రశాంతంగా ఉండేది. ఆ ప్రపోజలే తర్వాత వరల్డ్ వైడ్ వెబ్ అయింది. అలా ఆఫీసు కాగితాల కోసం పుట్టిన వెబ్ లో ఇవాళ ప్రపంచంలో ఏదైనా దొరుకుతుంది, ఒక్క ఆఫీసు కాగితాలు తప్ప! దీనికి కారణం కూడా ఉంది. గూగుల్ లాంటివి ఏ పేజీకి ఎంతమంది లింక్ ఇచ్చారు అన్నది కూడా చూసి ముఖ్యమైంది పైకి తెస్తాయి, మన లీవ్ రూల్స్ కి ఎవడు లింక్ ఇస్తాడు? అవి ఏదో ఫోల్డర్ లోపలి ఫోల్డర్ లో, దిక్కూదివాణం లేకుండా పడుంటాయి.

అందుకే ఈ కింది విద్యలు ఎవరికీ నేర్పకండి అని మనవి, ముఖ్యంగా షేర్‌పాయింట్ (ఆఫీసు ఫైళ్ళు పెట్టుకునే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) వాడే ఆఫీసుల్లో. రెండు మాటలు పక్కపక్కనే కావాలంటే కోట్స్ లో పెట్టి వెతకడం. ఫైల్‌టైప్ అని కొట్టి, కోలన్ పెట్టి, పీడీఎఫ్ అనో ఎక్సెల్ ఎక్స్‌టెన్షనో ఇవ్వడం. ఆథర్ అని పెట్టి రాసినాయన పేరు, టైటిల్ అని పెట్టి ఫైల్ శీర్షికలో మాట. "ఇదైనా అదైనా" అనే ఆర్ (OR), "ఇది వద్దు" అనే నాట్ (NOT) లాంటివి క్యాపిటల్ అక్షరాల్లో కొడితేనే పని చేస్తాయి, చిన్నక్షరాల్లో కొడితే వాటిని కూడా మామూలు మాటలే అనుకుని వెతుకుతుంది, ఈ రహస్యం మాత్రం ప్రాణం పోయినా బయటపెట్టకండి. నక్షత్రం గుర్తు (*) మాట చివర పెడితే ఆ అక్షరాలతో మొదలయ్యేవన్నీ వస్తాయి, ముందు పెడితే పని చెయ్యదు. ఇవన్నీ తెలిసినవాడు ఎవర్నీ "అన్నా" అని పిలవడు.

అదృష్టవశాత్తూ మన పెద్దలు రక్షణ ఏర్పాట్లు ముందే చేసి పెట్టారు. కంప్యూటర్ లో టైప్ చేసిన సర్క్యులర్ ని ప్రింట్ తీసి, సంతకం స్టాంపు వేసి, స్కాన్ చేసి, స్కానర్ ఇచ్చిన అంకెల పేరుతోనే అప్‌లోడ్ చేస్తాం. ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాల్ని గుర్తుపట్టి టెక్స్ట్ గా మార్చడం) చెయ్యకపోతే అది లోపల అక్షరాలు లేని ఒట్టి ఫోటో, ఇక సెర్చ్ కి ఏం కనబడుతుంది?

తెలుగు ఫైళ్ళయితే ఇంకా భద్రం. అన్ని భాషల అక్షరాలకీ కంప్యూటర్లో ఒకే పద్ధతిలో కోడ్ ఇచ్చే యూనికోడ్ లో తెలుగు 1991 నుంచే ఉంది, విండోస్ ఎక్స్‌పీ తోనే గౌతమి ఫాంట్ వచ్చింది, అయినా మనవాళ్ళు యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లని వదల్లేదు. స్క్రీన్ మీద ముత్యాల్లాంటి తెలుగు, లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాల కలగాపులగం, మీరు యూనికోడ్ లో "బదిలీ" అని ఎన్నిసార్లు కొట్టినా ఆ ఫైల్ పలకదు. యూనికోడ్ లో ఉన్నవాటికీ ఒక తాళం ఉంది, సాఫ్ట్‌వేర్ అనే మాటలో ట్ కీ వే కీ మధ్య కంటికి కనపడని ఒక క్యారెక్టర్ పెట్టేవాళ్ళు కొందరు, పెట్టనివాళ్ళు కొందరు, కొన్ని సెర్చ్ లకి ఆ రెండూ వేరే మాటలు. ఇక ఇంగ్లీషులో పేరు పెట్టి వెతుకుదామంటే శ్రీనివాస్ గారిలో ఐ ఒకటా, ఈ లు రెండా, ఎస్ తర్వాత హెచ్ ఉందా, ఇంటిపేరు ముందా వెనకా అన్నది తేలేలోపు ఆయన రిటైర్ అయిపోతారు. ఏ భాషకి ఉందండీ ఇంత సెక్యూరిటీ!

పేర్ల విషయంలో హెచ్ఆర్ వాళ్ళ సేవ కూడా మర్చిపోకూడదు. జనం అందరూ "లీవ్ పాలసీ" అని వెతుకుతారని తెలిసి డాక్యుమెంట్ కి "వర్క్ లైఫ్ బ్యాలెన్స్ ఫ్రేమ్‌వర్క్" అని పేరు పెట్టారు చూడండి, దానికి దండం పెట్టొచ్చు. పైగా సెర్చ్ మనకి పర్మిషన్ ఉన్నవి మాత్రమే చూపిస్తుంది, లేనిది లేనట్టే ఉంటుంది. కాబట్టి ఏమీ రాలేదంటే ఫైల్ లేదా, ఉన్నా మనకి చూపించట్లేదా అన్నది తెలీదు, అక్కడ మళ్ళీ ఒక మనిషిని అడగాల్సిందే.

ఒక్క ప్రమాదం మాత్రం మిగిలింది. జనం ఏ మాటలు వెతికితే ఏమీ దొరకలేదో షేర్‌పాయింట్ ఒక రిపోర్ట్ గా ఇస్తుంది. ఎవడైనా పనిమంతుడు నెలకోసారి అది చూసి, అందరూ కొట్టే మాటలు ఫైల్ టైటిల్ లో చేర్చి, పాత వెర్షన్లు తీసేసి, అసలు ఫైల్ పైన కనపడేలా పెట్టాడంటే మన పని అయిపోయినట్టే. మా ఆఫీసులో ఆ భయం లేదు, ఆ రిపోర్ట్ చూసే పర్మిషన్ ఉన్నాయన వైజాగ్ కి ట్రాన్స్‌ఫర్ అయ్యాడు, ఆయన ఇచ్చిన హ్యాండోవర్ నోట్ ఇంట్రానెట్ లోనే ఎక్కడో ఉందంటున్నారు.