గిటార్ వాయించకండి, పాడవుతుంది

కొత్త ఎలక్ట్రిక్ గిటార్‌కి పొంచి ఉన్న ప్రమాదాల్లో అన్నిటికన్నా పెద్దది దాన్ని వాయించడం. ఈ సంగతి షాపువాళ్లు చెప్పరు, వాళ్లు తీగలు అమ్ముకోవాలి. యూట్యూబ్ మాస్టార్లూ చెప్పరు, సబ్‌స్క్రైబర్లు తగ్గిపోతారు. ప్రజాహితం కోరి ఈ వ్యాసకర్తే పూనుకోవాల్సి వచ్చింది.

సాక్ష్యాలు చూద్దాం. గిటార్ తీగలు ఉక్కువి. లావు తీగల మీద నికెల్ పూత ఉన్నా, వేళ్ల చెమట తగిలిన దగ్గర్నుంచి వాటికి గడ్డుకాలం మొదలవుతుంది. నొక్కినప్పుడల్లా కింద ఫ్రెట్లు, అంటే గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు గీతలు, అరుగుతాయి. తీగను పక్కకి లాగి స్వరం సాగదీస్తే ఇంకా అరుగుతాయి. అరిగినవాటిని సాపు చేయించుకోవచ్చు కానీ అది కొన్ని సార్ల ముచ్చట, తర్వాత కొత్తవి కొట్టించాల్సిందే. వాయించడం మానేస్తే ఇందులో ఒక్క ఖర్చూ ఉండదు.

ఇక చెమట విషయం. ఐర్లాండ్ గిటారిస్టు రోరీ గ్యాలఘర్ దగ్గర 1961 నాటి ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ ఉండేది. ఏళ్ల తరబడి ఆయన చెమట తగిలి దాని రంగు చాలావరకు ఊడిపోయి కట్టె బయటపడింది. ఐర్లాండ్‌లో ఎండలు ఎంత మండుతాయో లోకానికి తెలుసు. అక్కడే అలా జరిగితే, మే నెలలో విజయవాడ గాంధీనగర్‌లో మూడో అంతస్తు గదిలో మన గిటార్ గతి ఏమిటి? ఆ స్ట్రాటోకాస్టర్ 2024లో లండన్ వేలంలో అమ్ముడై చివరికి ఐర్లాండ్ జాతీయ మ్యూజియం సొత్తయింది. అంటే మ్యూజియం చేరేదాకా పాపం దానికి విశ్రాంతి లేదు. మనం మొదటి రోజునుంచే మ్యూజియంలో ఉంచినట్టు ఉంచుదాం అంటున్నాను, అంతే.

ఈ విషయంలో మన జాతికి శిక్షణ అక్కర్లేదు. టీవీ రిమోట్ ప్లాస్టిక్ కవర్లోనే పుట్టి ప్లాస్టిక్ కవర్లోనే కన్నుమూసే ఇళ్లు మనవి. కొత్త గిటార్ పిక్‌గార్డ్ (తీగల కింద ఒంటికి గీతలు పడకుండా ఉండే పలక) మీద పల్చటి ప్లాస్టిక్ పొర ఒకటి వస్తుంది. తీసేయమనే దాన్ని అంటిస్తారు. తీయకండి. అంచుల దగ్గర బుడగలు లేచినా, దుమ్ము చేరి నల్లబడినా తీయకండి. రేపు అమ్మేటప్పుడు కొనేవాడికి చూపించాల్సింది ఆ పొరే.

పూజ విషయంలో మాత్రం కొంచెం జాగ్రత్త. దసరాకి సరస్వతి పటం ముందు గిటార్ పెట్టడంలో తప్పేం లేదు. కానీ మేపుల్ కట్టె ఫ్రెట్‌బోర్డు, అంటే వేళ్లతో తీగలు నొక్కే పలక, తెల్లగా ఉందని బామ్మగారు ముచ్చటపడి పసుపు రాస్తే, వార్నిష్ అరిగిన చోట ఆ మరక జన్మలో పోదు. నిమ్మకాయ చక్రం కిందికే గానీ ఫ్రెట్‌బోర్డు మీదికి కాదు. రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు ఎండిపోతే రాయడానికి లెమన్ ఆయిల్ అని ఒక సీసా అమ్ముతారు. అందులో ఎక్కువ భాగం మినరల్ ఆయిలే. ఆర్నెల్లకో ఏడాదికో రెండు చుక్కలు గుడ్డకి అద్ది తుడిస్తే చాలు. వార్నిష్ వేసిన మేపుల్‌కి అదీ అక్కర్లేదు. నిమ్మకాయ కోసి పిండితే అది పులిహోరకి సిద్ధమవుతుంది, సంగీతానికి కాదు.

రాత్రిళ్లు నిద్ర పట్టకుండా చేసే సంగతి మరొకటుంది. గిటార్ మెడ (నెక్) మీద తీగల లాగుడు దాదాపు 40 కిలోలు. ఆ బరువుకి నెక్ వంగిపోకుండా లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే కట్టె సుఖంగా ఉంటుందని కంపెనీలు చెబుతాయి. విశాఖ బీచ్ రోడ్డులో ఉండేవాళ్లు ఈ వాక్యాన్ని ఒకసారి చదివి వదిలేయడం ఆరోగ్యానికి మంచిది. నెక్ కాస్త కదిలితే ఆ కడ్డీ మరని ఆలెన్ కీతో పావు చుట్టు తిప్పి, ఆగి, చూసి, అవసరమైతే మళ్లీ తిప్పాలి. మనవాళ్లు ఒకేసారి రెండు చుట్లు తిప్పుతారు, గ్యాస్ రెగ్యులేటర్ అలవాటు.

హమ్ (స్పీకర్లో వినిపించే గుయ్యిమనే మూలుగు) సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి పరిపూర్ణత రాదు. సింగిల్ కాయిల్ పికప్ అంటే అయస్కాంతం చుట్టూ చుట్టిన సన్నటి రాగి తీగ. అది గిటార్ తీగ కదలికతో పాటు ఇంట్లో కరెంటు గోలని కూడా పట్టుకుంటుంది. ఫ్యాన్ రెగ్యులేటర్, పాత ట్యూబ్‌లైట్ చోక్, ఇన్వర్టర్ అన్నీ కలిసి మన 50 హెర్ట్జ్‌లో కోరస్ అందుకుంటాయి. 1950లలో గిబ్సన్ కంపెనీ ఇంజనీర్ సెత్ లవర్ రెండు కాయిల్స్‌ని ఎదురెదురు వాటంగా కలిపి, ఒకదాని మూలుగుని రెండోది కొట్టేసేలా హంబకర్ అనే పికప్ తయారు చేశాడు. అంత శ్రమ ఎందుకో నాకు అర్థం కాదు. తీగల మీద చెయ్యి వేస్తే చాలు, గోల కొంత తగ్గుతుంది, తీగలకి అవి ఆనే బ్రిడ్జి ద్వారా ఎర్త్ ఉంటుంది కాబట్టి. అంటే వాయిద్యమే నోరు తెరిచి చెబుతోంది: చెయ్యి వేయి, కానీ ఏమీ చేయకు.

(ఒక్క మాట వెటకారం లేకుండా. గిటార్ శబ్దాన్ని పెంచే ఆంప్ ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టి టూ పిన్ బోర్డులో దూర్చకండి. ఇంటికి ఎర్త్ సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ని పిలిచి చూపించుకోండి. ఒక చేత్తో తీగలు పట్టుకుని ఇంకో చేత్తో మైకు ముట్టుకుని షాక్ కొట్టి పోయినవాళ్లు ఉన్నారు.)

నా వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుందని ఒప్పుకుంటాను. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ చిన్నప్పుడే ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకున్నాడు. మాండొలిన్‌కి ఉండే ఎనిమిది తీగలకి బదులు ఐదే పెట్టుకుని, గమకాలు కూడా పలికించి, కర్ణాటక సంగీత సభల్లో పెద్దల పక్కన కూర్చున్నాడు. తెలుగు దేశంలో వాయిద్యాలు కొని భద్రంగా దాచుకునే కుటుంబాలకి ఆయన చేసిన అన్యాయం ఇంతా అంతా కాదు. అప్పట్నుంచి కరెంటు వాయిద్యం ఎవరి భుజాన కనిపించినా బాబాయిలు ఆపి, “ఏరా, ఓ కీర్తన వాయించు” అంటున్నారు. ఆ ప్రశ్నకి ఎంత ఖరీదైన గిటార్ కొన్నా జవాబు దొరకదు.

మరి ఆనందించడం ఎలాగంటారా? మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. స్టాండ్ రబ్బరు నైట్రోసెల్యులోజ్ పూతని తినేస్తుందని చదివి టెన్షన్ పడండి. మీ గిటార్ మీద ఉన్నది బహుశా పాలియురెథేన్, దానికేం కాదు, అయినా టెన్షన్‌కి డబ్బులు పెట్టక్కర్లేదు కదా. ఈ, ఏ, డీ, జీ, బీ, ఈ అని ట్యూనర్‌లో ఆరు పచ్చ లైట్లు వెలిగేదాకా శ్రుతి చేసి, తృప్తిగా చూసి, మళ్లీ బ్యాగులో పెట్టేయండి. గిటార్ శబ్దాన్ని మార్చే పెడళ్లు కొనండి. పెడల్ కాలితో తొక్కేది, దాన్ని ఎంత వాడినా గిటార్‌కి గీత పడదు.

ఇంతా చేశాక ఒకే ఇబ్బంది మిగులుతుంది. తళతళలాడే గిటార్ చూసినవాళ్లు వాయించడం రాదని ఇట్టే పసిగడతారు. దీనికి ఫెండర్ వాళ్లు ఎప్పుడో మందు కనిపెట్టారు. కాలిఫోర్నియాలో కరోనా అనే ఊళ్లో వాళ్ల కస్టమ్ షాపు ఉంది. అక్కడ 1990ల నుంచి కొత్త గిటార్లకి కావాలని గీతలు పెట్టి, రంగు చెక్కి, ఇనుప సామానుకి మసి పట్టించి, రెలిక్ అని పేరు పెట్టి కొత్తవాటికన్నా ఎక్కువకి అమ్ముతారు. వాయించకుండానే ముప్పై ఏళ్లు వాయించినట్టు ఉంటుంది. అంత డబ్బు పెట్టలేనివాళ్లు మా అపార్ట్‌మెంట్‌కి రండి. నాలుగేళ్లవాళ్లు ముగ్గురున్నారు, స్కూటర్ తాళాలు వాళ్ల దగ్గరే ఉంటాయి. ఆదివారం ఒక్క గంట గిటార్ వదిలి వెళ్తే చాలు. బిస్కెట్ ప్యాకెట్లు మాత్రం మీరే తెచ్చుకోవాలి.